సింగారి పాలకి పరీచ్చ

టెక్కలి,
సోమవారం.

సోంపేట దగ్గర రేవుపేటలో ఉండే శ్రీమతి నూకాలమ్మ గారికి, దేశవాళీ పశు పాల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త హరికృష్ణ నమస్కారాలు.

ఉద్దానం కొబ్బరి తోటల్లో తిరిగే పొట్టి ఆవుల మీద పరిశోధన చేస్తున్నాను. వీటి పాలు మేలైనవని రుజువైతే వీటిని ప్రత్యేక జాతిగా నమోదు చేసి కాపాడతారు. రుజువు కాకపోతే జెర్సీ కోడెలతో సంకరపరిచి, ఈ పొట్టి జాతి మాట మరిచిపోతారు. మీ ఆవు సింగారి అచ్చమైన పొట్టి ఆవని మా సర్వేలో తేలింది. అందుకని ఉదయం పితికిన పాలు ఈ సీసాలో నింపి, టెక్కలి బస్సు కండక్టరు తిరుమలరావు చేతికి ఇవ్వవలసిందిగా మనవి. పాలలో ఏమీ కలపకూడదు.

మీ ఫోను ఎప్పుడు చేసినా అందుబాటులో లేదంటోంది. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
డా. హరికృష్ణ

తా.క.: సీసా ప్రభుత్వ ఆస్తి. దయచేసి ఆవకాయకి వాడకండి.

*

రేవుపేట,
బుధవారం.

డాక్టరు బాబుకి నూకాలమ్మ దండాలు. ఎవరి సేతా రాయించలేదు బాబూ, ఏడు దాకా సదివినాను, నానే రాత్తన్నాను.

ఫోను మా ఆయన ఏటకెల్లి సముద్రంలో పడేసినాడు. ఇప్పుడది సేపలకే అందుబాటులో ఉన్నాది.

మా ఆయన పేరు ఢిల్లీరావు. ఢిల్లీ ఎప్పుడూ ఎల్లలేదు, ఇచ్ఛాపురం దాటితేనే బెంగెట్టుకుంతాడు. ఆయనకి సింగారి అంతే గిట్టదు. "మూరెడు ఆవు, చెంబుడు పాలు, దీన్ని సంతకి తోలీసి జెర్సీని తెత్తాను" అనీసి నన్ను వేపుకు తింతన్నాడు. మీ ఉత్తరం సూసి కొంచెం తగ్గినాడు. "ఆపీసోలు మంచి ఆవని కాయితం ఇత్తే ఉంచుతాను, నేదా సంతకే" అన్నాడు. నా సింగారి పేణం మీ సేతిలో ఉన్నాది బాబూ. అది నాకు ఆవు గాదు. మా ఆయన ఏటకెల్తే ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే.

పాలలో ఏటీ కలపొద్దని రాసినారు. ఆ మాటకి మనసు సివుక్కుమంది. మేం పాల యాపారం సేసీవోలం గాదు. పాలు గడప దాటించేటప్పుడు ఏ పద్ధతి సెయ్యాలో మా అత్త నేర్పినాది, ఆ పద్ధతిలోనే పంపినాను. నా గురించి తెలవాలంతే మీ కేంద్రంలో ఆవులకాడ పనిసేసే పోతురాజుని అడగండి. నా సొంత తమ్ముడు.

ఉంతాను బాబూ,
నూకాలమ్మ

తా.క.: తిరుమలరావు సీసాకి కిటికీ పక్క సీటిచ్చినాడు. మా ఆయన ఎక్కితే సేపల కంపు అనీసి ఎనక నిలబెడతాడు.

*

టెక్కలి,
శుక్రవారం.

నూకాలమ్మ గారికి,

మీ తమ్ముడు పోతురాజు చాలా నమ్మకస్తుడు. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క పాలు ఇంటికి పట్టుకెళ్ళలేదు. అతను పితికితే క్యాను ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

పరీక్ష ఫలితం మాత్రం బాగోలేదు. పాలలో వెన్న శాతం రెండే వచ్చింది. మా కేంద్రం ఎదుట టీ కొట్టు పాలు కూడా ఇంతకంటే నయం. మా జాయింట్ డైరెక్టరు లోకనాథం గారు ఆ కాగితం చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. "నేను మొదట్నుంచీ చెప్పడం లేదూ? మన కేంద్రంలో ఉన్న పొట్టి ఆవులూ అంతే, ఏళ్ళ తరబడి పలచటి పాలే" అన్నారు. ఆ మాట మీద ఆయన ఏకంగా పుస్తకమే రాశారు.

ఇంకో సంగతి. ఆ పాలలో మీ ప్రాంతం భూగర్భ జలాల్లో ఉండే లవణాలు కనిపించాయి. సింగారి ఏ నీళ్ళు తాగుతుంది? ఒంట్లో బాగుంటోందా? ఇంకో సీసా పంపుతున్నాను. ఇది కూడా పోతే నా పరిశోధన ఆపేస్తారు.

ఇట్లు,
హరికృష్ణ

తా.క.: మొదటి సీసాని మళ్ళీ నింపమని నిన్న తిరుమలరావుతోనే మీకు తిప్పి పంపాను. అది వెనక్కి రాలేదు.

*

రేవుపేట,
సోమవారం.

డాక్టరు బాబుకి,

నువ్వు కూడా మా నీళ్ళ మీద పడ్డావా నాయినా? ఇక్కడోలకి కిడ్నీల జబ్బు పట్టుకున్న కాడినుంచీ ఉద్దానం నీళ్ళు సీసాలో పట్టుకెల్లని ఆపీసు నేదు, రాని డాక్టరు నేడు. వత్తారు, నూతిలోకి తొంగి సూత్తారు, తల అడ్డంగా ఊపుతారు, సీసా సంకలో ఎట్టుకుని ఎల్లిపోతారు. ఫలానా తేలిందమ్మా అనీసి తిరిగి ఒక్క ముక్క రాసినోడు నేడు. నువ్వే మొదటోడివి. అందుకే తిట్టాలని కూసున్నదాన్ని ఒగ్గేత్తన్నాను.

సింగారి ఒంటికేటీ నేదు. నిన్ననే మా ఆయన్ని తోటంతా తరిమి తరిమి కుమ్మింది. జబ్బు సేసిన ఆవు కుమ్ముతాదేటి? ఆయన తప్పూ ఉన్నాది. "టీ కొట్టు పాలే నయమంట" అనీసి దాని మొకం మీదే అన్నాడు. ఎవులికైనా రోసం రాదా?

మా నూతి నీల్లలో తేడా ఉన్నాదని నువ్వన్న మాట మాత్రం మనసులో ఎట్టుకున్నాను. ఈసారి పంపిన పాలకీ మా నూతికీ ఏ సమ్మందమూ నేదు. నీకు తప్పెన్నే పనుండదు. బేరగాడు ఒకడొచ్చి సింగారి పళ్ళు సూసి ఎల్లినాడు బాబూ, కొంచెం బేగి సూడు.

ఉంతాను,
నూకాలమ్మ

తా.క.: సీసా క్షేమంగా ఉన్నాది. ఉసిరికాయలు బాగా ఊరినాయి.

*

టెక్కలి,
బుధవారం.

అమ్మా నూకాలమ్మ గారూ!

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇప్పటికి రెండు కాగితాలు చింపేశాను.

మీ సింగారి పాలలో మామూలు పాలలో ఉండని చక్కెరలు ఉన్నాయి! పొటాషియం విపరీతంగా ఉంది! లవణాల జాడ కూడా లేదు. వెన్న శాతం రెండు దాటలేదు, కానీ వెన్న ఎవడిక్కావాలండీ? ప్రపంచంలో ఏ ఆవూ ఇలాంటి పాలు ఇవ్వదు! తరతరాలుగా కొబ్బరి ఆకు, కొబ్బరి పీచు మేసి మేసి, ఆ గుణం ఈ ఆవుల రక్తంలోకే దిగిపోయిందని నా సిద్ధాంతం. దానికి "ఉద్దాన క్షీర విశేషం" అని పేరు పెట్టాను. హైదరాబాదులో జరిగే సదస్సుకి సారాంశం కూడా పంపించేశాను.

లోకనాథం గారు రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుని చదివారు. నవ్వలేదు. "ఇంకోసారి తెప్పించు" అన్నారు. దయచేసి ఈసారి కూడా అచ్చం ఇలాగే పంపండి. బేరగాణ్ణి గడప తొక్కనివ్వకండి.

మీ బిడ్డలాంటి వాడు,
హరికృష్ణ

తా.క.: ఉసిరికాయలు కొంచెం పంపితే సీసా సంగతి మరిచిపోతాను.

*

రేవుపేట,
శనివారం.

నాయినా హరికృష్ణా,

నీ ఉత్తరం మా ఆయన రేవులో నిలబడి అందరికీ సదివి ఇనిపించినాడు. పొటాసియం అన్న సోట నోరు తిరగలేదు, అక్కడ దగ్గేసినాడు. బేరగాణ్ణి నెట్టుకుంటూ ఎల్లి బస్సెక్కించేసినాడు. నిన్నటిదాకా మూరెడు ఆవు అన్నోడు ఇయాల పెల్లికూతురు తండ్రిలాగ ఆవుసాల ముందు మంచమేసుకుని కూసున్నాడు. "మా సింగారి ఇట్టం నేనిదే ఎవుల్నీ దగ్గిరికి రానీదు" అంతన్నాడు. ఆయన్నీ రానీలేదు. మల్లీ కుమ్మింది.

నీకు నచ్చినాయి గదా, అందుకనీసి ఈసారి ఇంకొంచెం దండిగా సేసి పంపుతున్నాను. నాకైతే ఎంత సంతోసంగా ఉందో సెప్పలేను. సింగారి మెడకి గంట కట్టినాను.

ఉంతాను,
మీ అమ్మలాంటి నూకాలమ్మ

తా.క.: ఉసిరికాయలు తిరుమలరావు సేతికి ఇచ్చినాను. సీసా తేలిగ్గా ఉంతే అతని మూతి వాసన సూడు.

*

టెక్కలి,
మంగళవారం.

అమ్మా,

పొటాషియం ఇంకా పెరిగింది! గురువారం లోకనాథం గారూ, పెద్ద ఆఫీసర్లూ, ఒక విలేకరీ మీ ఇంటికి వస్తున్నారు. అందరి ఎదుటా సింగారి పాలు పితికి, అక్కడికక్కడే యంత్రంలో పరీక్షిస్తాం. నా ఉద్యోగం, మీ ఆవు, రెండూ గురువారం మీదే ఉన్నాయి.

హరికృష్ణ

తా.క.: కండక్టరు మూతి వాసన చూశాను. ఉసిరే.

*

రేవుపేట,
బుధవారం.

నాయినా,

ఎంతమంది వత్తన్నారో సెప్పలేదు. బొండాలు కోయించాల.

నూకాలమ్మ

తా.క.: విలేకరి ఎరుపు సొక్కా ఏసుకుని రావొద్దని సెప్పు. సింగారికి ఎరుపు పడదు.

*

టెక్కలి,
గురువారం సాయంత్రం.

నూకాలమ్మ గారికి,

ఇంకా నా చెవుల్లో ఆ నవ్వులే మోగుతున్నాయి.

అంతా బాగానే జరిగింది. మీరు పితికారు, నేను కొంచెం తీసి యంత్రంలో పోశాను. మిగతా పాలు సీసాలోకి ఎత్తే ముందు మీరు "ఉండండి బాబూ" అని కత్తి తెచ్చి, బొండాం చెక్కి, అందరూ చూస్తుండగా సగం బొండాం నీళ్ళు ఆ పాలలో గుమ్మరించారు! "ఇదేమిటమ్మా?" అని నేను కేకేస్తే మీరు నా మీదే విసుక్కున్నారు. "నీటి సుక్క పడకుండా పాలు గడప దాటకూడదు. ఆ పాలు పొయ్యి మీద కాగితే ఆవు పొదుగు మండిపోద్ది. మొదటిసారి నూతి నీళ్ళే ఏసినాను, నువ్వే తప్పెన్నావు గదా!" అన్నారు.

విలేకరి ఫొటో తీశాడు. లోకనాథం గారు మిగతా సగం బొండాం తాగి, "ఉద్దాన క్షీర విశేషం బాగుందయ్యా" అన్నారు. సదస్సు సంచికలో నా సారాంశం ఇప్పటికే అచ్చయిపోయింది.

ఇంత జరిగాక యంత్రం చెప్పిందేమిటో తెలుసా? బొండాం పడక ముందు తీసిన ఆ కాసిని పాలలో వెన్న శాతం అయిదున్నర. అసలు మీ సింగారి పాలంత చిక్కటి పాలు నేనెప్పుడూ చూడలేదు. ఆ ఒక్క మాటతో జాతిని నిలబెట్టొచ్చు అనుకున్నాను. కానీ లోకనాథం గారు ఒప్పుకోలేదు. "ఒక్క ఆవు చిక్కటి పాలిస్తే జాతి అవదయ్యా. మన కేంద్రంలో అదే జాతి ఆవులు మందంత ఉన్నాయి. ఏళ్ళ తరబడి పలచటి పాలే. లెక్కలున్నాయి, పుస్తకం ఉంది" అన్నారు. సోమవారం ఫైలు మూసేస్తారు. జెర్సీ కోడెలు వస్తాయి.

కలపొద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను కదమ్మా. ఎందుకిలా చేశారు?

హరికృష్ణ

తా.క.: ఏమీ లేదు.

*

రేవుపేట,
శుక్రవారం.

నాయినా హరికృష్ణా,

నీ ఉత్తరం సదివి ఏడ్సినాను. మా ఆయన సదివి సంతకి తోలడానికి తాడు తీసినాడు. తాడు తీసి సాల కాడికెల్లి సేనాసేపు నిలబడి, తిరిగొచ్చి "రేపు సూద్దాం లే" అన్నాడు. ఆయనకీ మనసొప్పలేదు, పైకి సెప్పుకోడు.

కలిపినాను అంతన్నావు. నాను కలపలేదు నాయినా. కలపడమంతే పాలు ఎక్కువ సెయ్యడానికి ఏసీది. నానేసింది సింగారి పొదుగు సల్లగా ఉండాలనీసి. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. నీ పరువు పోనాది, నాకూ సిగ్గుగానే ఉన్నాది.

ఈ ఉత్తరంతో సీసా పంపుతున్నాను. సుక్క ఎయ్యలేదు. పుట్టి బుద్దెరిగి ఇలగ పంపడం ఇదే మొదలు. సీసాకి మూతెట్టి, ఎల్లి సింగారి పొదుగు తడిగుడ్డతో తుడిసినాను. ఒక్క పని సెయ్యి, ఆ పాలు పరీచ్చకి వాడు గానీ కాగబెట్టకు. దానికేటైనా అయితే నిన్ను ఒగ్గను.

ఉంతాను,
నూకాలమ్మ

తా.క.: మీ కేంద్రం ఆవుల పాలు ఏళ్ళ తరబడి పలచన అన్నావు. పితికీవోడు మా తమ్ముడు పోతురాజు గదా? నాకంతే భక్తి వాడికే ఎక్కువ. "అక్కా, ఆపీసు ఆవులు మందంత ఉన్నాయి, సుక్క ఏటి సరిపోద్ది, క్యానుకి నాలుగైదు చెంబులు ఏత్తన్నాను" అనీసి నాతో ఎప్పుడో సెప్పినాడు. ఆవుల పాకలో తలుపెనక సూడు, ఆ చెంబు అక్కడే ఉంతాది.

మల్లీ తా.క.: లోకనాథం గారింటికి రోజూ పట్టుకెల్లే ఆ ఆవుల పాలలో మాత్రం వాడు సుక్క ఎయ్యడంట. ఒకసారి పలచగా ఉన్నాయనీసి ఆయన గిన్నె ఇసిరికొట్టినాడంట. సుక్క ఎయ్యని పాపం ఆయన మీదే రాసుకోమని సెప్పి దేవుడికి దండమెట్టి, అప్పటినుంచీ అచ్చంగా చిక్కటియ్యే పోత్తన్నాడు. ఆ పాలతో కాఫీ తాగుతూనే కాబోలు ఆయన ఆ పుస్తకం రాసింది.