కిటికీలకి కట్టిన గోనెలు

పుణె,
ఆదివారం.

మా వదినకి మరిది రాము నమస్కారాలు. నువ్వూ, అన్నయ్యా, పాప బుజ్జీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగ పెట్టుకోకు. ఈ ఉత్తరం, దీంతోపాటు ఒక మూట మన ఊరి అప్పన్న తెచ్చి ఇస్తాడు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనెత్తితే పక్కన అన్నయ్య వింటాడు, విని మాట మార్చేస్తాడు.

ఇక్కడ వాన పట్టుకుంటే వదలడం లేదు. చపాతీలు తిని తిని నాలుక మొద్దుబారింది. నీ చేతి చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ గుర్తొస్తే పనిలో చెయ్యి ఆగిపోతోంది. పని మాత్రం నచ్చింది. షావుకారు ఇంటి వెనక షెడ్డులో పెట్టుకున్న చిన్న వడ్రంగి కార్ఖానా. రంపం మిషన్ కిందే ఒక గొట్టం ఉంటుంది. మోటారు రంపపు పొట్టుని అక్కడికక్కడే లాగేసి గోడ బయట సంచిలో పోస్తుంది. సాయంత్రానికి నా చొక్కా ఉతికినట్టే ఉంటుంది. నిజం చెప్పనా, అది చూస్తే నాకు ఏడుపొస్తుంది. మనింట్లో నా చొక్కా విదిలించి, వాసన చూసి, "ఇయ్యాల పనస సెక్క కోసినారేటి?" అనేదానివి. ఒక్కసారీ తప్పలేదు. ఇక్కడ నేనేం కోశానో అడిగేవాళ్ళు లేరు.

మొన్న ఆ సంచి ఖాళీ చేసే పని నాకిచ్చారు. అడుగున ముతక పొట్టు, పైన గంధంలాంటి దుమ్ము. గాల్లోకి లేస్తే ఇక కిందికి దిగదు. అప్పుడు మన వడ్రంగి పాక గుర్తొచ్చింది వదినా. నాన్న చేతిరంపం లాగే రోజుల్లో పొట్టు కాళ్ళ దగ్గరే రాలేది. అది గాలికి పోకుండా కిటికీలకి గోనెలు కట్టుకున్నాం, పొట్టు పొయ్యికి కావాలి కదా. మిషన్ వచ్చాక కూడా గోనెలు అలాగే ఉండిపోయాయి. "గోని ఇప్పీకు, పొట్టంతా పోతే నీళ్ళెలగ కాగుతాయి?" అని నువ్వు. "మీ వదిన సెప్పింది ఇనరా" అని అన్నయ్య. ఆ దుమ్మంతా మూసుకున్న పాకలో మేమే పీల్చాం. నేను ఇటు వచ్చేశాను. అన్నయ్య ఇంకా అందులోనే ఉన్నాడు.

కిందటివారం ఫోన్లో "ఒరే తమ్ముడూ, ఇక్కడ..." అనేసరికి దగ్గు తెర వచ్చి ఫోను నీకిచ్చేశాడు. తర్వాత అడిగితే, "ఏటీ నేదురా, గొంతులో పొట్టు పడ్డాది" అన్నాడు. నాకు భయంగా ఉంది వదినా.

మూటలో గొట్టం, మోటారు ఉన్నాయి. షావుకారు తీసేసిన పాతవే, నేను బాగుచేశాను. దట్టమైన గుడ్డతో, రెండు పొరలుగా సంచి కుట్టించాను. దాన్ని పాక బయట చూరు కింద కట్టించు. కోప్పడకు, నీ పొట్టు ఎక్కడికీ పోదు. సంచి నిండితే అలాగే తీసుకెళ్ళి పొయ్యిలో కూరుకో. ముక్కుకి కట్టుకునే ముసుగులు కూడా పెట్టాను, తువ్వాలు చాలదు. అన్నయ్యని రాజాం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు. గోనెలు మాత్రం ఇవాళే విప్పెయ్. ఆయన నా మాట వింటాడేటి అనకు. నీ మాట విన్నాడు కాబట్టే అవి ఇన్నాళ్ళున్నాయి.

బుజ్జికి ముద్దులు. ఎదురింటి పెద్దమ్మకి నా దణ్ణాలు చెప్పు. కొంచెం చోడిపిండి అప్పన్న చేత పంపు.

మిషన్ మోతని మించి వీధి చివరికి వినబడేలా "ఒరే రామూ, కూడుకి రారా!" అని కేకేసేవాడు అన్నయ్య. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ కేక మధ్యలో తెగకుండా ఒక్కసారి వినిపించు. మీ దీవెన నాకు అదే.

నీ మరిది,
రాము