కౌలోడి గుట్ట మీద రాయి

బుధవారం, రాత్రి

బుజ్జీ, ఈరోజు జీడితోటకి పనికి వెళ్తూ కౌలోడి గుట్ట మీద నేను రాయి వేయలేదు. తాతల నాడు భూస్వామికి కౌలు కట్టకూడదని ఊరంతా ఒట్టేసుకుంటే, ఒక్కడు చాటుగా కట్టాడట. ఊరివాళ్లే కొట్టి చంపి అక్కడ పాతేశారంటారు. అటు వెళ్లే ప్రతివాళ్లూ ఛీకొట్టి రాయి వేయాలి; అలా పేరుకున్నదే ఆ రాళ్ల గుట్ట.

"ఏటే, సెయ్యి పడిపోనాదా?" అంది మీ అత్త.

"ఆడికీ అమ్మ ఉంటాది కదొదినా," అన్నాను. కూడా పనికి వస్తున్నవాళ్లంతా నన్ను వదిలి ముందుకి నడిచారు.

చిన్నప్పుడు నీ చేత రాయి వేయించింది నేనే. నిన్ను మట్టిలో పెట్టి వచ్చాక గానీ ఆ తల్లి గుర్తుకు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు నా క్యారేజీలో తినకుండా ఉంచిన అన్నం, ఆ తల్లి బదులుగా, ఆ గుట్ట మీద పెట్టాను. అందరూ చూశారు. రేపు నన్ను పనికి పిలుస్తారో లేదో...

నీకూ అక్కడ ఏ తల్లో పెడుతుంది, నువ్వు మాత్రం కడుపునిండా తినమ్మా.