హెస్సె వంశంలో ఎడమచేతి పెళ్లి

అబ్బాసియా, కువైట్

ప్రియమైన అన్న చిన్నపుల్లయ్యకు,

ఫోన్లో ఈ మాట ఎత్తగానే సిగ్నల్ లేదంటావు. అందుకే సెలవు మీద వస్తున్న ఆంజి చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. దీనికి సిగ్నల్ అక్కర్లేదు.

మన ఇంటిదేవర జాతరకు కట్టాలని నువ్వు వేయించిన వంశవృక్షం ఫ్లెక్సీ ఫోటో చూశాను. ఏడు తరాల పేర్లు. నా పేరు కింద మాత్రం 'సంతానం లేదు' అని అచ్చు. షైని దాన్ని పెద్దది చేసి చదివి, "నాన్నా, మరి నేనెవరు?" అంది. పదిహేనేళ్ల పిల్లకు ఏం చెప్పమంటావు? మీ అమ్మను చర్చిలో పెళ్లి చేసుకున్నాను కాబట్టి మీ పెదనాన్న నిన్ను పుట్టనివ్వలేదని చెప్పనా?

ఇక్కడ హవల్లీలోని బడి లైబ్రరీలో నేను సర్దే పుస్తకాల్లో జర్మనీ రాజవంశాల చరిత్ర ఒకటుంది. హెస్సె వంశం వాళ్లు అచ్చం మనలాంటి వాళ్లే. వాళ్ల రాజకుమారుడు అలెగ్జాండర్ తన చెల్లెలి కొలువులో ఉన్న జూలియాను చేసుకున్నాడు. ఆమెది రాజరక్తం కాదు. అలాంటిదాన్ని అక్కడ ఎడమచేతి పెళ్లి అంటారు. వరుడు కుడిచేతికి బదులు ఎడమచేయి ఇవ్వడం పాత ఆచారమట. పిల్లలకు సింహాసనం లేదన్నారు, బాటెన్‌బర్గ్ అని వేరే పేరు తగిలించి పక్కన కూర్చోబెట్టారు. తర్వాతేమైంది? జూలియా మనవరాలు స్పెయిన్ రాణి అయింది. రాణి అయితేనే మనిషి అని కాదు నేననేది. అలెగ్జాండర్ పుట్టిన హెస్సె అసలు కొమ్మ 1968లో వారసుడు లేక ఎండిపోయింది, వద్దన్న కొమ్మ ఈనాటికీ ఉంది. రాజులనే కాపాడని శుద్ధరక్తం మన నాలుగెకరాల వేరుశనగ చేనికి దేనికి, అన్నా?

ఆ ఫ్లెక్సీ అలాగే కడితే నా పేరూ కొట్టేయి. దేవరకు రాను. ఇక ఆ గడప తొక్కను.

పదిహేడేళ్ల కోపాన్ని ఈరోజే నీ ముందు పెట్టిన తమ్ముడు,
నాగేశ్వర

రాయచోటి

మరిది నాగేశ్వరకు నీ వదిన దీవెనలు.

కళ్లద్దాలు కనపళ్లేదని మీ అన్న అంటే నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. "రాజుల సంగతి మనకెందుకే" అన్నాడు. షైని అడిగిన మాట దగ్గర మాత్రం లేచిపోయి గొడ్లకు నీళ్లు పెట్టొచ్చాడు.

నీకూ ఒక మాట. అంత పెద్దది చేసి చూసినారే, అందులో నేనెక్కడైనా కనపడ్డానా? మీ అమ్మ? ఏడు తరాల్లో ఒక్క ఆడమనిషి లేదు. నీ కూతురు లేకపోతేనే నీకు కళ్లు తెరుచుకున్నాయి. ఆ జర్మనీ వాళ్లు ఎడమచేయన్నా ఇచ్చినారు.

పెన్ను తీసుకుని మీ అమ్మ పేరు, నా పేరు, నా కూతురు సుధారాణి పేరు, నీ భార్య రూతమ్మ, షైని పేర్లు కాగితం మీద రాసినాను.

"ఆడోళ్లనంతా రాస్తే ఫ్లెక్సీ చాలదు" అన్నాడు మీ అన్న.

"పెద్దది కొట్టించు" అన్నాను.

 నిన్న అన్నం ముందు కూర్చుని, "మా జేజి వాళ్లమ్మ పేరు ఎవురికన్నా తెలుసునా?" అన్నాడు. మీ నాయనమ్మ తల్లి పేరు ఎవరికీ తెలియదు. ఈ పొద్దు అడగడానికి మీ పెద్దక్క ఊరికి పోయినాడు. పాత ఫ్లెక్సీ గొడ్లపాక మీద కప్పినాడు.

ఇది ఫోటో తీసి పంపుతున్నాను, వెంటనే జవాబు పెట్టు. రూతమ్మ వాళ్ల అమ్మ పేరేంది? పదిహేడేళ్లుగా మేమెవరమూ అడగలేదు.

మీ వదిన,
వెంకటేశ్వరి