మోకాళ్లూనని భక్తుని అప్పీలు

బేతంచెర్ల, కర్నూలు జిల్లా,
12-3-1946.

సైనిక పింఛన్ల అప్పీళ్లు విచారించు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కుడి మోకాలి అవిటితనమును నూటికి ముప్పై పాళ్ల నుండి పదికి దించి, పింఛను నిలిపివేసిన ఉత్తర్వుపై అప్పీలు.

మాజీ సిపాయి గాబ్రియేలు వ్రాయించుకొను అర్జీ ఏమనగా:

1. అస్సాములో పటాలము కొరకు బాట వేయుచుండగా కొండచరియ విరిగి నా కుడి మోకాలిపై పడినది. 1944లో వైద్యుల బోర్డు ముప్పై పాళ్ల అవిటి అని తేల్చి, పింఛను ఇచ్చి ఇంటికి పంపినది. అప్పుడు నా మోకాలు సర్కారుకు చక్కగా కనబడినది.

2. ఈ జనవరిలో మరల పరీక్షకు పిలిచిరి. రాకున్న పింఛను పోవునని నోటీసు. వచ్చితిని. "స్టేషను నుండి నడచి వచ్చెను, కావున నడవగలడు" అని వ్రాసికొనిరి. డాక్టరు దొర నన్ను బల్లపై పడుకోబెట్టి కాలు పట్టి వంచెను. వంగినది. ఆయన వంచిన వంగక ఏమి చేయును? కూర్చుండి లేవుమని మాత్రము ఎవరును అడుగలేదు.

3. అసలు దెబ్బ ఇక్కడ. నడవడిక పత్రము తెమ్మని మీ కచేరీవారే అడిగిరి. మా సంఘ కాపరి లేవి అయ్యగారు అందరికిని వ్రాయునట్లే నాకును "నిత్యము మోకాళ్లూని ప్రార్థించు భక్తుడు" అని వ్రాసి ఇచ్చిరి. మంచివాడని దాని అర్థము. మీవారు ఆ మాటనే పట్టుకొని, మోకాళ్లూనువాడు అవిటివాడెట్లగునని పది పాళ్లకు దించిరి. ఉత్తర్వు నకలు చదివించుకొంటిని, అందులోనే ఉన్నది. ఇరవై పాళ్లకు తగ్గినచో పింఛను లేదట. అయ్యా, రెండేండ్లుగా నేను చర్చిలో గోడకు ఆనుకొని నిలబడి ప్రార్థించుచున్నాను. దేవుడు అభ్యంతరము చెప్పలేదు. మీరు చెప్పితిరి.

పత్రము దిద్ది ఇమ్మని అయ్యగారి వద్దకు పోతిని. "ఏమప్పా గాబ్రియేలూ, మోకాళ్లూనడు అని నేను రాస్తే నువ్వు దేవుని ఇడిసిపెట్టినావని అర్థం గదప్పా! అట్లా యా పాదిరైనా రాస్తాడా?" అనిరి. "రాయకపోతే నా కొంప మునుగుతాంది అయ్యగారూ" అంటిని. నా కొరకు ప్రార్థించెదననిరి.

4. నాపరాతి గనిలో బండ చీల్చువాడు గొంతుక్కూర్చొని పని చేయవలెను. నేను కూర్చుంటినా, ఇద్దరు వచ్చి లేపవలెను. కావున నా బదులు నా భార్య కృపమణి గనిలో రాళ్లు మోయుచున్నది. ఆమెకు ఏడవ నెల. మొన్న గని మెట్లపై తట్టతో సహా కూలబడినది. మరునాడు మరల పోయినది. పది పాళ్లని వ్రాసిన చేయి ఎవరిదో నాకు తెలియదు గాని, ఆ చేతికి సిగ్గు లేదు.

కావున ముప్పై పాళ్లు మరల ఖాయపరచి, ఆమె కానుపు లోపలనే పింఛను ఇప్పించునట్లు, ఈసారి పత్రములను గాక నా కాలిని చూచి, చిత్తగించవలెను.

తమ విధేయుడు (అని వ్రాయక తప్పదట),
ఇది గాబ్రియేలు నిశానీ.

తా.క.: ఇది మాత్రం నా మాటల్లోనే రాయమంటి. అర్జీలు రాసే ప్రకాశం వాడుక చొప్పున అడుగున "తమ పాదముల చెంత మోకరిల్లి వేడుకొనుచున్నాను" అని రాసినాడు. చదివి వినిపిస్తానే కొట్టేయమంటి. "అర్జీకి అదే అందం గదన్నా" అన్న్యాడు. ఏం అందం? కొట్టేయించినా. రేపు దాన్ని గూడా సాక్ష్యం కింద పట్టుకుంటారు. అయ్యా, నేను నిలబడే అడుగుతాండా. కృపమణిని గనిలోనుంచి బయటికి రానీండి.