పదకొండో పిల్ల పాలపన్ను

మార్చి 4

వీడియోలు వచ్చాయి. ఇరవై ఆరు మంది ఆడపిల్లలు, ఒక్కొక్కరికి రెండేసి. ఒకటి మందు మొదలుపెట్టక ముందుది, ఒకటి ఆరు నెలల తర్వాతది. ఏది ఏదో నాకు తెలియకుండా తేదీలు తీసేసి కలగాపులగం చేసి ఇచ్చారు. ఆ పద్ధతి పెట్టింది కూడా నేనే.

ఈ పిల్లలు ఏడాదిన్నర దాకా బాగానే పెరుగుతారు. ఆ తర్వాత మాట పోతుంది, చేతిలో పట్టు పోతుంది. రోజంతా చేతులు పిసుక్కుంటూ కూర్చుంటారు. ఎదురుగా ఎర్ర కప్పు పెడితే ఎంతవరకు అందుకున్నారో చూసి పదికి మార్కులు వెయ్యాలి. పందొమ్మిదేళ్ళుగా ఈ ఒక్క జబ్బే నా బతుకు. మా అక్క మాత్రం నేను చేతులు చూసి జాతకం చెబుతానని అందరికీ చెబుతుంది.

మార్చి 10

పదకొండో పిల్ల కప్పు అందుకుంది!

ఇక్కడ పేర్లుండవు, నెంబర్లే. చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ కదిలింది. వేళ్ళు కప్పుకు తగిలాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి పరువు దక్కింది. ఎనిమిది వేశాను. రెండో వీడియోకి నాలుగు.

మార్చి 20

తేదీలు బయటపెట్టారు. ఎక్కువ మార్కులన్నీ తర్వాతి వీడియోలకే. మా ల్యాబ్ పెద్దాయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళకి ఒక్కటి పనిచేసిందమ్మా అంటూ నవ్వాడు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 27, ఉదయం 11

పదకొండో పిల్లని తల్లి చెకప్‌కి తెచ్చింది. ఆవిడ బట్టల షాపులో టైలర్. పర్సులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. పాలపన్ను. మందు మొదలెట్టిన రెండో నెల్లో ఊడింది మేడమ్, మాటలు రాకపోయినా పళ్ళు మాత్రం టైముకే ఊడుతున్నాయి దీనికి, అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మార్చి 27, సాయంత్రం 4

మెట్లు దిగుతూ ఆగిపోయాను. ఎనిమిది వేసిన వీడియోలో ఆ పిల్ల ముందుపళ్ళ మధ్య సందు ఉంది. రెండో దాంట్లో లేదు. అంటే తేదీ లేకపోయినా ఏది తర్వాతదో తెలిసిపోతుంది. తెలిసే వేశానా?

మార్చి 28

అన్నీ మళ్ళీ చూశాను. పద్నాలుగు మందికి పళ్ళలో తేడా ఉంది. అయిదారేళ్ళ పిల్లలకి ఆరు నెలల్లో పళ్ళు ఊడతాయని చిన్నపిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఇంత చదివిన నాకు తట్టలేదు.

మార్చి 29

చెప్పలేదు.

మార్చి 30

ఆదివారం. చెప్పడానికి ఎవరున్నారు అనుకున్నాను. ఫోన్ పక్కనే ఉంది.

ఏప్రిల్ 1

చెప్పాను. పెద్దాయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పళ్ళు ఎవరు చూస్తారమ్మా అన్నాడు. నేను చూశానండీ అన్నాను. వీడియోల్లో ముఖాలు కప్పేసి, ఈ మందు ట్రయల్ సంగతే తెలియని మనిషితో మళ్ళీ మార్కులు వేయించడానికి సంతకం పెట్టాడు.

ఏప్రిల్ 17

పక్క బిల్డింగ్ ఫిజియోథెరపిస్ట్ వేసిన మార్కులు వచ్చాయి. ముందుకీ తర్వాతకీ తేడా లేదు. పదకొండుకి నాలుగు, నాలుగు.

ఒప్పుకోబుద్ధి కాలేదు. నేను ఎనిమిది వేసిన వీడియో స్లోగా పెట్టాను. ఫ్రేము అంచున, బల్ల మీద, తల్లి చెయ్యి. కప్పుని పిల్ల వైపు జరుపుతోంది. అరంగుళం, అంతే. పదిసార్లయినా చూసిన వీడియో అది. పన్ను కనిపించింది గానీ ఆ చెయ్యి కనిపించలేదు నాకు.

ఆవిడ మీద కోపం రాలేదు. నా మీదే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 24

మందు ఆపేశాం. ఆవిడకి నేనే చెప్పాను. మరి ఇంట్లో స్పూను పట్టుకుంది కదా మేడమ్, నేను చూశాను కదా, అంది. కప్పు సంగతి ఎత్తలేదు. మిగిలిన మందు వెనక్కి ఇవ్వాలన్నాను. సీసా బల్ల మీద పెట్టి, మూత గట్టిగా బిగించింది.

మే 2

పదకొండుకి ఆఖరి చెకప్. కెమెరా ఆఫ్ చేసి ఉంది. అలవాటు కొద్దీ ఎర్ర కప్పు పెట్టాను. పిల్ల చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. తల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కప్పుని అరంగుళం ముందుకు జరిపాను.