స్టీఫెన్ చుక్కాని పట్టిన మూడు రోజులు

కౌకూర్ నివాసిని, సైన్యంలో హవల్దారుగా రిటైరైన ప్రభుదాసు అనే నేను, అరవై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నా మనసు స్థిమితంగా ఉంది. ఈ మాట ఊళ్లో అందరూ ఒప్పుకోరు కాబట్టి జరిగింది చెబుతున్నాను.

నిరుడు కొచ్చి నుంచి మారిషస్‌కు చిన్న తెరచాప పడవలో ఒంటరిగా వెళ్లాను. నలభై ఒక్క రోజులు మనిషి ముఖం చూడలేదు. ఇరవయ్యో రోజున కుక్కర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇరవై ఆరో రోజున అది ఎదురు సమాధానం చెప్పిందని సముద్రంలో పారేశాను. ఆ తర్వాత తుఫాను, దానితోపాటు జ్వరం. అప్పుడు నా భార్య తమ్ముడు స్టీఫెన్ వచ్చి మూడు రోజులు చుక్కాని పట్టాడు. "నువ్ పండుకో బావా, నేను జూస్కుంట" అన్నాడు. మా రెండిళ్ల మధ్య మూడడుగుల జాగా కోసం అప్పటికి తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. తిరిగొచ్చాక దండం పెట్టబోతే, "గా మూడు రోజులు నేను గండిమైసమ్మ కాడ బోరేస్తున్న బావా" అన్నాడు.

1. ఇల్లు నా భార్య ఎలీషమ్మకు. నలుగురు ఒకేసారి మాట్లాడితే తట్టుకోలేక, ఓడలో కొచ్చికీ, అక్కణ్నుంచి లారీలో ఇంటికీ తెప్పించిన ఆ పడవలోనే ఐదు నెలలు వాకిట్లో ఉన్నాను. ఆమె నిచ్చెనెక్కి పళ్లెం అందించేది. ఒకరోజు లోపలికే వచ్చి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. ఆ వారమే ఇంట్లోకి నడిచాను. కొంత ఘనత డాక్టరు మాత్రలది.

2. పడవ నా కూతురు రోజీకి. ఒంటరిగా సముద్రం మీదికి పోకూడదు. "దాంట్ల మేకలను కట్టేస్త నాయినా" అంటోంది. సమ్మతమే. కొత్త కుక్కర్ కూడా ఆమెకే. దానితో మర్యాదగా ఉండాలి.

3. ఆ మూడడుగుల జాగా స్టీఫెన్‌కు, రోజుకొక అడుగు చొప్పున. "చెయ్యని పనికి కూలేందయ్యా?" అంది ఎలీషమ్మ. నేను పడుకునే ఉన్నాను, పడవ మునగలేదు. ఇంకెవరు చేసినట్టు?

4. ఇవన్నీ రోజీ అమలు చేయాలి.

సాక్షులు ఇద్దరు కావాలి. నర్సుగా చేసిన వజ్రమ్మ ఒప్పుకుంది. రెండో సంతకం అడిగితే, "దిమాగ్ ఖరాబైనోనికి సాక్ష్యమా?" అని ఎదురింటివాళ్లు తప్పుకున్నారు. స్టీఫెన్ ముందుకొస్తే వకీలు శ్రీజ ఆపింది. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో రాసింది దక్కదట.

"జాగ పోతే పోనీ. మా బావ మంచిగనే ఉన్నడని నేను జెప్త" అని స్టీఫెన్ కలం లాక్కున్నాడు.

కాబట్టి మూడో అంశం చెల్లదు. కొట్టేయమన్నారు. కొట్టేయలేదు.

శామీర్‌పేట, 18 నవంబరు 2025
(సంతకం) ప్రభుదాసు

సాక్షులు:
వజ్రమ్మ, రిటైర్డ్ నర్సు, యాప్రాల్
స్టీఫెన్, బోరుబండి యజమాని, కౌకూర్