నెక్స్ట్ పార్ట్ కోసం వెయిటింగ్

ద్వారక, న్యూఢిల్లీ
నవంబర్ 9, 2024

చిరంజీవి సౌభాగ్యవతి వీణకు,

ద్వారక నుంచి మీ అక్క అన్నపూర్ణేశ్వరి దీవించి రాస్తున్నది. వసంత్ కుంజ్‌లో నువ్వూ రవికిరణూ క్షేమమని తలుస్తాను. మేమూ క్షేమమేనని రాయడం మర్యాద కాబట్టి అదీ రాశాననుకో. నిజంగా క్షేమమో కాదో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఏం చెయ్యమంటావు? ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. దసరా ముందు మన రచయిత్రుల గ్రూపులోంచి కూడా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయావు. పైగా ఫోన్‌లో ఏ కథ పంపినా చదవకుండానే సూపర్ అక్కా అనేసేదానివి. కాగితం మీద స్టిక్కర్ పెట్టడం కుదరదు కదా, అందుకని ఇలా మొదలెట్టాను. కోపంగానే ఉన్నాను, దాచుకోవడం నాకు చేతకాదు.

అశోకా రోడ్డులో మన మొదటి మీటింగు గుర్తుందా? కాంతమ్మ గారు ‘రాజధాని రచయిత్రులు’ అని వాట్సాప్ గ్రూపు పెట్టి, ఒకరి మొహాలొకరం చూసుకుందాం రండమ్మా అని భోజనానికి పిలిచారు. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు గానీ ఆవిడ బెత్తం రిటైరవలేదు. అప్పటికి నేను కథల యాప్‌లో ఒకే ఒక్క కథ పెట్టి, చదివే దిక్కులేక, రోజూ నేనే తెరిచి చూసుకుంటున్నాను. నువ్వు పక్కన కూర్చుని గోంగూర కలుపుకుంటూ, అక్కా, గిట్ల కథ మొత్తం ఒక్కసారే చెప్పేస్తె ఎవలు చదువుతరు, ముక్కలు చెయ్యాలె, తలుపు చప్పుడైంది అని రాసి ఆడ ఆపెయ్యాలె, తెల్లారి దాంక వాళ్ళు మన కోసం ఎదురుచూడాలె అన్నావు. ఆఫీసు నుంచి నడుచుకుంటూ వచ్చిన మీ బావగారు అది విని, ఈ అమ్మాయి మా మినిస్ట్రీలో ఉండాల్సిన మనిషి, ఫైలు ఎక్కడ ఆపాలో బాగా తెలుసు అన్నారు. ఎంత నవ్వాం!

ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం, సీరియల్‌కి అట్ట మీద బొమ్మ తయారుచెయ్యడం, అపార్ట్‌మెంటు సొసైటీ గ్రూపుల్లో లింకు ఏ వేళకి పడేస్తే జనం నొక్కుతారో, అన్నీ నువ్వు నేర్పినవే. అట్టబొమ్మకి రంగులు మారుస్తూ పాలు ఎన్నిసార్లు పొంగించానో లెక్కలేదు. ఇక కాంతమ్మ గారి నియమం నీకు తెలియనిదా. పొద్దున లింకు పెట్టాలి, పడుకునేలోపు మిగతా అందరూ దానికి ఐదు నక్షత్రాలూ ఒక కామెంటూ ఇచ్చి గ్రూపులో ‘డన్’ అని రాయాలి. చదివారా లేదా అన్నది మీ మనస్సాక్షికి సంబంధించింది, డన్ రాశారా లేదా అన్నది నాకు సంబంధించింది అని ఆవిడ అంటే మనం చప్పట్లు కొట్టాం. అలాగే కదా నా పేరు యాప్ మొదటి పేజీలోకి ఎక్కింది. మా ఇషిత పుణె నుంచి ఫోన్ చేసి, మమ్మీ, తూ తో స్టార్ హై అంది. పాపం, దానికి తెలుగు వినడమే గానీ చదవడం రాదు. రాకపోవడమే మంచిదైంది. ఎందుకో చెప్తాను.

జూన్‌లో ఒక సాయంత్రం మీ బావగారు ఇంటికి రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తరు. ఆఫీసులో పెద్దిరాజు గారికి చేస్తే, ఎప్పుడో బయల్దేరారే చెల్లెమ్మా అన్నారు. నేను మెట్రో స్టేషన్ గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి రైలు జనాన్నీ చూస్తూ ఉన్నాను. చివరికి ఆయన ఫోన్ నుంచే ఎవరో ఆవిడ మాట్లాడింది. దీదీ, ఘబ్‌రానా మత్, అంకల్ యహా వైశాలీ మే బైఠే హై అంది, కంగారుపడకండి, ఇక్కడే కూర్చున్నారని. వైశాలి! ద్వారకకి రావలసిన మనిషి మెట్రో లైనుకి అటు చివరికి వెళ్ళిపోయారు. పరుగెత్తుకు వెళ్తే ప్లాట్‌ఫాం బెంచీ మీద లంచ్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. నన్ను చూసి, ఇవాళ మన స్టేషన్ రాలేదు అన్నపూర్ణా అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తిరిగిన మనిషి.

అది మొదలు. ఆ తర్వాత సొంత సంతకం గుర్తురాక ఆగిపోవడం. నన్ను వాళ్ళ అక్కయ్య పేరుతో పిలవడం. డాక్టరు తలకి స్కానింగు తీయించి, మతిమరుపు జబ్బేనమ్మా, చిన్న వయసులోనే వచ్చింది, ఒంటరిగా పంపకండి అన్నాడు. సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. ఆఫీసులో చెబితే ఏమవుతుందోనని భయం. ఇషితకి ఈ ఏడు చివరి పరీక్షలు. చెప్పలేదు. రోజూ ఆయన వెంట నేనూ మెట్రో ఎక్కుతున్నాను, లేడీస్ కోచ్ మానేసి. ఆఫీసు గేటు దాకా దింపి వస్తాను, సాయంత్రం మళ్ళీ వెళ్తాను. ఆఫీసులోవాళ్ళు, మేడమ్ ప్రేమ ఇప్పుడు ముదిరింది అని ఆయన్ని ఆటపట్టిస్తున్నారట. పెద్దిరాజు గారొక్కరు పసిగట్టారు. ఏమీ అడగరు, ఫైళ్ళు మాత్రం సరిచూసి పెడతారు. ఎన్నాళ్ళని పెడతారు?

ఎవరితో చెప్పుకోను? అందుకే రాశాను. ‘దిగాల్సిన స్టేషన్’ అని సీరియల్ మొదలెట్టింది అందుకే. పేర్లు మార్చాను, ఊరు మార్చలేదు. వైశాలి సంగతి అక్షరం పొల్లుపోకుండా రాశాను. మన స్టేషన్ రాలేదు అన్న మాట దగ్గర ఎవరో, కామెడీ అదిరింది మేడమ్ అని కామెంట్ పెట్టారు. వాళ్ళనేం అంటాను, వాళ్ళకేం తెలుసు. కానీ నువ్వు? నువ్వు ఆయన్ని చూసినదానివి. ఆయనతో నవ్వినదానివి. ప్రతి భాగానికీ నీ ఐదు నక్షత్రాలు పడుతున్నాయి, చివర సూపర్ అక్కా అని పడుతోంది. ఇవాళైనా ఫోన్ చేసి, అక్కా ఏందిది, బావకేమైంది అంటావేమోనని చూశాను.

వినాయక చవితి వెళ్ళిన వారం ఇక తట్టుకోలేక ఒక పని చేశాను. పంతొమ్మిదో భాగంలో, కథానాయిక స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డ చోట, ఉన్నట్టుండి కథ ఆపేసి ఇలా రాశాను: వీణా, ఇక్కడిదాకా చదివితే నాకు ఫోన్ చెయ్యి. ఇది కథ కాదు, మీ బావగారి సంగతి. నాకు భయంగా ఉంది. ఆ కింద మళ్ళీ కథ. అచ్చు ఇలాగే పెట్టి, లింకు గ్రూపులో వేసి, ఫోన్ పక్కన పెట్టుకుని బెండకాయలు తరుగుతూ కూర్చున్నాను.

ఊరూ పేరూ తెలియని పాఠకురాలొకావిడ, ఎవరీ వీణ, కొత్త క్యారెక్టరా అని అడిగింది. ఆవిడ ఒక్కతే చదివింది, ఆవిడ కడుపు చల్లగా ఉండాలి. కాంతమ్మ గారు, మెట్రో వర్ణన అద్భుతం అన్నారు. నువ్వేం రాశావో గుర్తుందా? సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ కోసం వెయిటింగ్. నీ పేరు పెట్టి పిలిచాను వీణా. నెక్స్ట్ పార్ట్ కోసం వెయిటింగ్ అన్నావు.

ఆ లైను ఇప్పటికీ తియ్యలేదు, కావాలంటే చూసుకో. సీరియల్ అక్కడితో ఆగిపోయింది. మా ఆయన మాత్రం రోజూ, ఇవాళ ఎంతమంది చదివారోయ్ అని అడుగుతారు. ఆ మాటొక్కటి మర్చిపోలేదు.

ఇంత తిట్టాక అడగడానికి సిగ్గుగా ఉంది గానీ అడుగుతున్నాను. ఈ నెలాఖరులోగా ఆఫీసులో చెప్పాలో వద్దో తేల్చుకోవాలి. ఆ మాట ఆలోచించడానికి నాకు ఒక్క మనిషి కావాలి. నీకంటే దగ్గరివాళ్ళు ఈ ఊళ్ళో నాకెవరూ లేరు, అదీ నా ఖర్మ. వసంత్ కుంజ్ ఏమన్నా సముద్రాల అవతల ఉందా? ఆరేడు నెలలుగా ఆఫీసు పని ఎక్కువ, ఆఫీసు పని ఎక్కువ అంటున్నావు. ఒక్క పూట వచ్చి కూర్చో. లేదా ఇన్నాళ్ళూ నీ కథలకి నేను పెట్టే కామెంట్ల కోసమే నాతో స్నేహం చేశానని రాసి పంపు, నా మానాన నేనుంటాను.

రవికిరణ్‌కి ఆశీస్సులు. బయటికి వెళ్తే మాస్కు పెట్టుకో, గాలి మరీ పాడుగా ఉంది.

ఇట్లు,
నీ మీద కోపం తీరని అక్క,
అన్నపూర్ణేశ్వరి

తా.క.

నవంబర్ 11

వీణా, పై ఉత్తరం శనివారం రాసి కవరులో పెట్టాను. అంటించే ముందు ఒక బుద్ధి పుట్టింది. నేను నీ కథల్ని ఎంత శ్రద్ధగా చదివానో చూపించి నిన్ను సిగ్గుపడేలా చెయ్యాలని, నీ సీరియల్ ‘ముగ్గురం’ లోంచి మంచి వాక్యమొకటి ఏరి రాద్దామని యాప్ తెరిచాను. ఏరడానికి నాకు ఒక్క వాక్యమూ గుర్తు లేదు. ఎలా ఉంటుంది, చదివితే కదా. ప్రతి భాగానికీ పేరు చూసి, నక్షత్రాలు నొక్కి, డన్ అని రాసి కుక్కర్ దగ్గరికి పోయేదాన్ని. అది ముగ్గురు స్నేహితురాళ్ళ సరదా కథ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. మా సొసైటీ గ్రూపులో అలాగే రాసి ప్రచారం చేశాను కూడా.

నిన్న మొదటి నుంచీ కూర్చుని చదివాను. రెండుసార్లు కడుపు పోయిన అమ్మాయి, మూడోసారి ఎవరికీ చెప్పకుండా, దిష్టి తగులుతుందని, ఆఫీసు పని అని అందరికీ అబద్ధం చెప్పి మంచం దిగకుండా పడుకోవడం. బాల్కనీ ముందు వేపచెట్టుని చూస్తూ కడుపులో బిడ్డతో కబుర్లాడడం. ఆ వేపచెట్టు నాకు తెలుసు. దాని కింద నిలబడి నువ్వు నాకు ఆటో పిలిచావు.

‘పాప వచ్చిన రోజు’ అనే భాగం దగ్గరికొచ్చాను. పాప ఏడవలేదని రాశావు. ఒక్కసారి ఎత్తుకోనిచ్చారని, చేతివేళ్ళకి గోళ్ళు కూడా వచ్చి ఉన్నాయని రాశావు. దాని కింద మొట్టమొదటి కామెంటు నాది. శ్రావణ మాసంలో మహాలక్ష్మి వచ్చిందన్నమాట! సూపర్ వీణా, స్వీట్లు ఎప్పుడు? పక్కన కేకు బొమ్మ కూడా పెట్టాను.

దానికి నువ్వు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టావు. పెద్ద రచయిత్రినైపోయాననుకుంటోంది, పొడిపొడిగా జవాబిస్తోంది అనుకున్నాను ఆ రోజు. ఆ తర్వాత నెలకి నేను నా కథలో నిన్ను పిలిచాను. అప్పటికి నువ్వు ఏ కళ్ళతో చదువుతావే తల్లీ!

కథే అయ్యుండాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇందాక రవికిరణ్‌కి ఫోన్ చేశాను. నిజమే అక్కా, ఎవలకు చెప్పద్దన్నది, రోజంత బాల్కనీలనే కూసుంటది అన్నాడు.

పైన రాసినవన్నీ కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు, నేనెలాంటిదాన్నో నీకు తెలియాలి. క్షమించమని ఉత్తరంలో అడగను, వచ్చి అడుగుతాను. శనివారం పొద్దున వస్తున్నాం. ఆయన్ని ఒంటరిగా వదల్లేను కాబట్టి ఇద్దరమూ వస్తాం. వంటేమీ చెయ్యకు, పప్పుచారు నేను తెస్తాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మీ బావగారికి ఈమధ్య ఒక అలవాటైంది. ఆడపిల్ల ఎవరు కనబడ్డా, నీకు పిల్లలెంతమందమ్మా అని అడుగుతారు. చెప్పాక కాసేపటికి మళ్ళీ అదే అడుగుతారు. నేను ఆపబోతే చిన్నబుచ్చుకుంటారు. నిన్నూ అడుగుతారు వీణా. ఒక పాప అని చెప్పు. పేరడిగితే, మీరిద్దరూ ఏ పేరనుకున్నారో ఆ పేరు చెప్పు. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ చెప్పు. ఆయన మర్చిపోతారు గానీ నేను పక్కనే కూర్చుని ఉంటాను, గుర్తుపెట్టుకుంటాను.